లేజర్ డయోడులో ఒక్క బిట్టు: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

తరువాత మాట మార్చకుండా ఉండటానికి లక్ష్యాన్ని ముందే రాసిపెడుతున్నాను. ఒక సెమీకండక్టర్ లేజర్ డయోడు రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలో నిలబడాలి. ఒక స్థితి నుంచి రెండో దానికి అది బయటి కాంతి తగిలితేనే మారాలి. ఆ కాంతి ఆగిపోయాక కూడా మారిన చోటే ఉండాలి. ఒక్క బిట్టు చాలు. వేగం, పరిమాణం, ఖర్చు గురించి ఇప్పుడు తల పట్టుకోదలచుకోలేదు.

ఆలోచన పాతదే. సెమీకండక్టర్ లేజర్ 1962లో పుట్టింది. 1964 నాటికే ఐబీఎంలో గోర్డన్ లాషర్ రెండు స్థిర స్థితులుండే లేజర్‌ను ఎలా చేయవచ్చో లెక్కగట్టి చూపాడు. నలభై ఏళ్ల తరువాత, 2004లో, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పరిశోధకులు రెండు సూక్ష్మ వలయ లేజర్లను జతచేసి 18×40 మైక్రాన్ల చోటులో ఇలాంటి మెమరీని పెట్టారు. అది 20 పికోసెకన్లలో, 5.5 ఫెమ్టోజౌళ్ల కాంతితో స్థితి మార్చుకుంది. మా బల్ల మీద పరిచిన సామాను దానికంటే వంద కోట్ల రెట్లు ఎక్కువ చోటు తింటుంది. ఆ పోలిక ఇక్కడితో ఆపేద్దాం.

నా పగటి ఉద్యోగం ఫైబర్ నెట్‌వర్క్ నిర్వహణలో. ఫైబర్లు అతికించే స్ప్లైసింగ్ మెషిన్, పవర్ మీటరు చేతికి అందుతాయి. తుక్కు కింద పోయే మాడ్యూళ్లు, అంటే ఫైబర్‌లోకి కాంతి పంపే, అందుకునే పరికరాలు, చవకగా దొరుకుతాయి. ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్న మా మేనల్లుడు సాయంత్రాలు వచ్చి కూర్చుంటాడు. ఇక మిగిలిన పెల్టియర్ పలక (విద్యుత్తుతో వేడి చేసే, చల్లబరిచే పలక), థర్మిస్టర్లు (ఉష్ణోగ్రతతో నిరోధం మారే భాగాలు), ఆప్-ఆంప్‌లు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నవే.

అసలు పాత్ర పోషించే లేజర్ మాత్రం పాత మీడియా కన్వర్టర్‌లోది. కేబుల్ ఆపరేటర్లు ఒకే ఫైబర్ మీద రెండు దిక్కులా డేటా పంపడానికి వాడిన 100 మెగాబిట్ల డబ్బాలు ఇంకా అటకల మీద బోలెడు ఉన్నాయి. అవి జంటగా వస్తాయి. ఒకటి 1310 నానోమీటర్ల దగ్గర పంపితే రెండోది 1550 దగ్గర పంపుతుంది. ఆ రెండో డబ్బాలో ఉన్నది ఫాబ్రీ-పెరో లేజర్, ఎఫ్‌పీ అంటారు. దీని గొప్పతనమంతా దాని లోపంలోనే ఉంది. ఖరీదైన డీఎఫ్‌బీ లేజర్ ఒక్క తరంగదైర్ఘ్యానికే కట్టుబడి ఉంటుంది, బయటి కాంతి లోపలికి రాకుండా ముందు ఐసొలేటర్ పెట్టుకుంటుంది. ఎఫ్‌పీ అలా కాదు. ఒకేసారి పది, పదిహేను తరంగదైర్ఘ్యాల్లో వెలుగుతుంది, ఐసొలేటర్ ఉండదు, ఎవరు కాంతి పంపినా లోపలికి రానిస్తుంది. మాకు కావలసింది సరిగ్గా అదే.

మార్చి

ఈ నెలంతా వేడితో సరిపోయింది. ఎఫ్‌పీ లేజర్‌లో ఒక్కో మోడ్, అంటే అది వెలిగే ఒక్కో తరంగదైర్ఘ్యం, డిగ్రీకి 0.1 నానోమీటరు చొప్పున పొడుగు తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. 1550 దగ్గర 0.1 నానోమీటరు అంటే 12.5 గిగాహెర్ట్జ్. మేం ఆడబోయే ఆటస్థలం మొత్తం కొన్ని గిగాహెర్ట్జ్‌లే. అంటే డిగ్రీలో పదో వంతు కదిలినా ఆట చెడుతుంది. డిగ్రీలో నూరో వంతు దాకా పట్టి ఉంచాలి. పది కిలో ఓమ్‌ల థర్మిస్టర్ గది ఉష్ణోగ్రత దగ్గర డిగ్రీకి దాదాపు 440 ఓమ్‌లు మారుతుంది, నూరో వంతుకు నాలుగు ఓమ్‌లు. బ్రిడ్జి కట్టి, 16 బిట్ల ఏడీసీతో చదివి, ఆర్డ్వినో బోర్డులో పీఐడీ (తేడాను చూసి ఎప్పటికప్పుడు సరిదిద్దే ప్రోగ్రాం) రాసి పెల్టియర్‌ను నడిపాం. లేజర్‌ను రాగి ముక్కలో బిగించి, దాని మీద థర్మోకోల్ మూత పెట్టాక గానీ సీలింగ్ ఫ్యాను గాలి అంకెల్లో కనపడటం ఆగలేదు.

విద్యుత్తు వైపు పెద్దగా చెప్పుకోవలసింది లేదు. ఆప్-ఆంప్, మాస్‌ఫెట్, సెన్స్ రెసిస్టర్‌తో, లేజర్‌కు వెళ్లే విద్యుత్తును మారకుండా ఉంచే సర్క్యూట్ కట్టాం. మా లేజర్ 11 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలవుతుంది, 15 దగ్గర నడుపుతున్నాం. ముట్టుకునే ముందు చేతికి ఎర్తింగ్ పట్టీ తప్పనిసరి. లేజర్ డయోడు చావడానికి స్థిర విద్యుత్తు ఒక్క చిటికె చాలు, అది కంటికి కనపడదు కూడా.

కంటికి కనపడదన్న మాట కాంతికీ వర్తిస్తుంది. టీవీ రిమోట్ వెలుగును ఫోను కెమెరా పట్టుకుంటుంది కాబట్టి దీన్నీ పట్టుకుంటుందని మా వాడు అనుకున్నాడు. రిమోట్ 940 నానోమీటర్లు. కెమెరాలోని సిలికాన్ 1100 దాటితే గుడ్డిది. ఫైబర్ కొస వెలుగుతోందో లేదో పవర్ మీటరుతోనే చూడాలి, కంటి దగ్గర పెట్టుకుని ఎప్పుడూ చూడకూడదు.

స్పెక్ట్రం విశ్లేషించే యంత్రం మా దగ్గర లేదు. దాని బదులు గీతల పలకతో మోడ్‌లను విడదీయవచ్చు. డీవీడీ ముక్క అయితే ఇంకా సన్నగా విడదీస్తుంది కదా అని చాలామందికి తోస్తుంది. 1310 దగ్గర నిజమే, 1550 దగ్గర మాత్రం డీవీడీ పనిచేయదు. దాని గీతల మధ్య దూరం 0.74 మైక్రాన్లు. తరంగదైర్ఘ్యం అందుకు రెట్టింపు దాటితే ఏ కోణంలోనూ వివర్తనం జరగదు. 1.55 అన్నది 1.48 కంటే పెద్దది, కథ అంతే. సీడీ గీతల మధ్య 1.6 మైక్రాన్లు ఉంటాయి. అది 29 డిగ్రీల దగ్గర కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. 30 సెంటీమీటర్ల కటకంతో పక్కపక్క మోడ్‌లు పావు మిల్లీమీటరు ఎడంగా పడ్డాయి. సన్నని చీలిక వెనక ఫొటోడయోడును జరుపుకుంటూ పోతే వరుసగా శిఖరాలు వచ్చాయి.

అంతకంటే హాయి అయిన పద్ధతి తరువాత తోచింది. ఒకే ఫైబర్‌లో పక్కపక్కనే నడిచే తరంగదైర్ఘ్యాల్లోంచి ఒకదాన్ని విడదీసే డీడబ్ల్యూడీఎం ఫిల్టర్ ఒకటుంది, సీ34 అనే చానల్‌ది, 1550.12 నానోమీటర్లు. ఫిల్టర్‌ను కదపలేం, లేజర్‌ను కదపగలం. ఎఫ్‌పీ ఉష్ణోగ్రతను మెల్లగా పెంచుకుంటూ ఫిల్టర్ వెనక కాంతి చూస్తే, ఒక మోడ్ దాటిపోయి తరువాతిది రావడానికి సుమారు 11 డిగ్రీలు పట్టింది. అంటే మోడ్‌ల మధ్య 1.1 నానోమీటర్లు. చిప్ పొడవు 300 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుందని దాన్నిబట్టి తేలింది. సీడీ చెప్పిన లెక్క కూడా ఇదే.

ఏప్రిల్

మొదటి మెట్టు స్విచ్. సీ34 మీద పనిచేసే 10 గిగాబిట్ల దూరప్రయాణపు మాడ్యూల్ ఒకదాని నుంచి లేజర్ భాగాన్ని ఊడదీశాం. దాన్ని యజమాని అందాం. అందులో డీఎఫ్‌బీతో పాటు, కాంతిని పీల్చి తగ్గించే మాడ్యులేటర్ కూడా అదే చిప్ మీద ఉంటుంది. లేజర్ విద్యుత్తును ముట్టుకోకుండా కాంతిని పెంచి తగ్గించవచ్చు. డీఎఫ్‌బీ విద్యుత్తునే మారిస్తే మిల్లీ ఆంపియర్‌కు ఒక గిగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగదైర్ఘ్యం కూడా జారుతుంది, అప్పుడు దేని ఫలితం ఏదో తేలదు. మాడ్యూల్‌ను మొత్తంగా వాడలేదు, ఎందుకంటే దాని లోపలి డ్రైవరు మారే సంకేతాలనే దాటిస్తుంది, నిలకడ స్థాయిని దాటించదు. మెమరీకి ప్రాణం నిలకడ స్థాయే.

యజమాని కాంతి సర్క్యులేటర్ మొదటి ద్వారంలోకి వెళ్లి, రెండో ద్వారం నుంచి ఎఫ్‌పీలోకి చేరుతుంది. ఎఫ్‌పీ కాంతి మూడో ద్వారం నుంచి బయటికి వచ్చి సీ34 ఫిల్టర్‌కు వెళ్తుంది. ఈ ఫిల్టర్ సీ34ను ఒక ఫైబర్‌లోకి దాటించి, మిగిలినదంతా ఇంకో ఫైబర్‌లోకి తిప్పిపంపుతుంది. ఒకే పరికరంలో బిట్టు, దాని తిరగేసిన రూపం రెండూ దొరుకుతాయి.

లోపల జరిగేది ఇది. ఎఫ్‌పీ పక్క మోడ్ ఒకదానికి కాస్త పొడుగు వైపున బయటి కాంతి పెడతాం. అది లోపలి ఆవేశ వాహకాలను కొంత ఖర్చు చేయిస్తుంది. వాహకాలు తగ్గితే వక్రీభవన గుణకం పెరుగుతుంది, మోడ్‌లన్నీ పొడుగు వైపు జరుగుతాయి. శ్రుతిపెట్టె పక్కన పాడేవాడి గొంతు దాని వైపే జారినట్టు, ఆ మోడ్ బయటి కాంతి దగ్గరకు వచ్చి అతుక్కుపోతుంది. అది బలపడ్డాక మిగతా మోడ్‌లకు వెలగడానికి సరిపడా వాహకాలు మిగలవు. బయటి కాంతి వస్తే మిగతా మోడ్‌లు ఆరిపోతాయి, పోతే వెలుగుతాయి. నాట్ గేట్ అంటే ఇదే.

కాగితం మీద ఇంతే. బల్ల మీద అడ్డుపడింది ధ్రువణం. ఎఫ్‌పీ తన ధ్రువణానికి సరిపోయే కాంతినే లెక్కచేస్తుంది, మామూలు ఫైబర్ వంపు తిరిగిన చోటల్లా ధ్రువణాన్ని మార్చేస్తుంది. కంట్రోలర్ కొనకుండా చేసుకున్నాం. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న మూడు ప్లాస్టిక్ మూతలు తీసుకుని, మొదటి దాని మీద 3 చుట్లు, రెండో దాని మీద 6, మూడో దాని మీద 3 చుట్లు ఫైబర్ చుట్టాం. వంపు వల్ల ఫైబర్ రెండు ధ్రువణాలకు కొద్దిగా వేరువేరు వేగాలిస్తుంది. ఈ వ్యాసం దగ్గర 3 చుట్లు పావు తరంగపు పలకలా, 6 చుట్లు అర తరంగపు పలకలా పనిచేస్తాయి. మూతలను ఒకదాని తరువాత ఒకటి తిప్పుతూ పోతే, ఉన్నట్టుండి మిగతా మోడ్‌లను చూసే ఫొటోడయోడు గీత కిందికి పడిపోయింది, సీ34ను చూసేది లేచింది. మూతలను అక్కడికక్కడే టేపుతో అతికించేశాం. ఫైబర్ కూడా బల్లకు అతుక్కునే ఉండాలి, మోచేయి తగిలితే మళ్లీ మొదటికొస్తుంది.

కాంతిని చదవడానికి మాడ్యూల్ రిసీవర్లు పనికిరావు. అవీ నిలకడ స్థాయిని చూపవు, ఒకటీ సున్నా పొడుగ్గా ఉంటే రెండూ ఒకేలా కనపడతాయి. విడి ఇండియం గాలియం ఆర్సెనైడ్ ఫొటోడయోడ్లకు ఆప్-ఆంప్ జతచేశాం, 20 మెగాహెర్ట్జ్‌ల వరకు చూడగలుగుతున్నాం.

మే

ఇప్పుడు అసలు విషయం. యజమాని కాంతికీ ఎఫ్‌పీ మోడ్‌కూ మధ్య ఎడం తక్కువ ఉంటే, కాంతి పెంచినకొద్దీ మార్పు మెత్తగా జరుగుతుంది. ఎఫ్‌పీ ఉష్ణోగ్రతను కొద్దిగా తగ్గించి ఆ ఎడాన్ని 0.08 నానోమీటర్లకు పెంచితే తీరు మారిపోయింది. ఎఫ్‌పీ వైపు వెళ్లే కాంతి మైనస్ 3.1 డీబీఎంకు (డీబీఎం కాంతి బలానికి కొలమానం) చేరిన క్షణంలో ఒక్క గెంతులో అతుక్కుంది. వెనక్కి తగ్గిస్తే అక్కడ విడిపోలేదు, మైనస్ 5.4 దాకా పట్టుకునే ఉండి అప్పుడు విడిపోయింది. అతుక్కున్న మోడ్ అప్పటికే జరిగి ఉంది కాబట్టి, దాన్ని అక్కడే ఉంచడానికి తక్కువ కాంతి చాలు. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడ నిలిపినా, కింది నుంచి వచ్చామా పైనుంచి వచ్చామా అన్నదే స్థితిని నిర్ణయిస్తుంది. ఆసిలోస్కోపు మీద చక్కని హిస్టెరిసిస్ వలయం, అంటే వెళ్లే దారి, వచ్చే దారి వేరువేరుగా ఉండే గీత.

మా వాడు ఫొటో తీసుకుంటూనే, "మామయ్యా, ఇది గుర్తుపెట్టుకుందని ఎలా నమ్మాలి? వేడెక్కి చల్లారడానికి సమయం పడుతోందేమో కదా?" అన్నాడు.

"నువ్వే చెప్పు, ఎలా తేలుస్తావు?" అన్నాను. ఈ ప్రశ్న మీదే నెలంతా గడిచింది, ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే విలువైన భాగం కూడా ఇదే. హిస్టెరిసిస్ వలయం తెచ్చుకోవడం కష్టం కాదు, ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది. బయటి కాంతి ఏమీ లేకుండా ఉష్ణోగ్రతను పైకీ కిందికీ నడిపినా లేజర్ మోడ్ గెంతే చోటు వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి అవుతుంది. ఆ వలయం ఎవరిదో తేల్చడమే పని.

వేడి నెమ్మది. చిప్ చుట్టూ ఉన్న లోహం వేడెక్కడానికి మిల్లీసెకన్లు పడుతుంది, చిప్‌కు సైతం మైక్రోసెకన్లు కావాలి. వాహకాల పని నానోసెకన్లలో అయిపోతుంది. కాబట్టి యజమాని కాంతిని సెకనుకు పదిసార్లు పైకీ కిందికీ నడిపి వలయం వెడల్పు కొలిచాం, తరువాత వెయ్యిసార్లు, ఆపైన లక్షసార్లు. వేడి కారణమైతే వేగం పెరిగినకొద్దీ వలయం రూపం మారిపోవాలి. మూడు వేగాల్లోనూ గెంతే చోట్లు 0.1 డీబీ తేడాలో కలిశాయి.

అయితే లక్షసార్లు నడిపేటప్పుడు ఇంకో అనుమానం వస్తుంది. రెండు ఫొటోడయోడ్లలో ఒకటి కాస్త వెనకబడితే, లేజర్‌తో సంబంధం లేకుండానే తెర మీద వలయం పుడుతుంది. దీనికి విరుగుడు తేలికే. ఎఫ్‌పీ విద్యుత్తు ఆపేసి అదే కొలత తీశాం. ఆరిపోయిన చిప్ ముఖం మీద తగిలి తిరిగొచ్చే కొద్దిపాటి కాంతి వచ్చిన కాంతికి అనుపాతంలోనే ఉండాలి కాబట్టి గీత సన్నగా, ఒక్కటిగా రావాలి. అలాగే వచ్చింది.

మూడోది ప్రతిఫలనం. ఐసొలేటర్ లేని లేజర్‌కు తన కాంతే ఎక్కడి నుంచైనా తిరిగొస్తే పిచ్చిపడుతుంది. నీలం రంగు యూపీసీ కనెక్టరును తెరిచి వదిలేస్తే గాజు నుంచి గాలిలోకి వెళ్లేటప్పుడు దాదాపు 4 శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది. ఆకుపచ్చ ఏపీసీ కొస 8 డిగ్రీలు వాలుగా కోసి ఉంటుంది, తిరిగిన కాంతి ఫైబర్ పట్టులో పడదు. ఊరికే ఉన్న కొసలన్నీ ఏపీసీకి మార్చాం. కాంతిని రెండుగా పంచే కప్లర్‌లో ఎవరికీ పనిలేని నాలుగో కొసను పెన్సిల్‌కు బిగువుగా చుట్టేశాం, ఆ వంపులో కాంతి బయటికి కారిపోతుంది. తరువాత ఎఫ్‌పీకి, సర్క్యులేటర్‌కు మధ్య ప్యాచ్ కార్డును పొట్టిది తీసి పొడుగుది పెట్టి, మూతలు మళ్లీ సర్ది, వలయం కొలిచాం. వలయం కదల్లేదు.

మేనల్లుడు అప్పటికి ఒప్పుకున్నాడు. నేను మాత్రం ఒక్క మెట్టు మిగిలిందన్నాను: చిన్న కాంతి పల్స్‌తో మార్చి చూపించాలి.

జూన్

నిలుపుడు కాంతిని, అంటే స్థితిని పట్టి ఉంచడానికి ఎప్పుడూ వెలిగే యజమాని కాంతిని, మైనస్ 4.2 డీబీఎం దగ్గర పెట్టాం. ఇది వలయం మధ్య. ఒకటి రాయడానికి మాడ్యులేటర్‌ను 50 నానోసెకన్లు తెరిచి అదే కాంతిని పెంచితే చాలు. సున్నాకు తేవడానికి ఆ కాంతిని క్షణం సేపు ఆపినా పని జరుగుతుంది. అయితే అలా చేస్తే రాసేదీ చెరిపేదీ ఒకే తీగ మీద అవుతాయి, తరువాత రెండు బిట్లు కలపాలంటే ఇబ్బంది. అందుకే చెరపడానికి వేరే కాంతి తెచ్చాం.

ఇక్కడ లెక్క ముచ్చటగా కుదిరింది. ఎఫ్‌పీ మోడ్‌లు 1.1 నానోమీటర్ల ఎడంతో ఉన్నాయి, మూడు మోడ్‌లు దాటితే 3.3. డీడబ్ల్యూడీఎం చానళ్లు 0.8 ఎడంతో ఉంటాయి, నాలుగు చానళ్లు దాటితే 3.2. అంటే సీ30, 1553.33 నానోమీటర్లు. మిగిలిన 0.1ని డీఎఫ్‌బీ ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచి పూడ్చవచ్చు. పాత సీ30 మాడ్యూల్ లేజర్‌ను బయటికి తీసి, దాని పెల్టియర్‌ను మా చేతిలోకి తీసుకున్నాం. ఆ కాంతికి విడిగా ఇంకో మూడు మూతలు చుట్టాల్సి వచ్చింది.

సీ30 పల్స్ వస్తే ఎఫ్‌పీ ఆ మోడ్‌కు అతుక్కుంటుంది, సీ34 మోడ్‌కు వాహకాలు చాలక పట్టు సడలుతుంది. పల్స్ పోయాక ఎఫ్‌పీ తన సొంత మోడ్‌లలోకి వెళ్లిపోతుంది, నిలుపుడు కాంతి ఒక్కటే దాన్ని వెనక్కి లాగలేదు. రాయడం కంటే చెరపడానికి ఎక్కువ కాంతి కావలసి వచ్చింది. ఇప్పటికే అతుక్కున్న దాన్ని ఊడదీయాలి కాబట్టి అది సహజమే. పల్స్‌ల మధ్య ఎడం ఎంత పెంచినా రెండు స్థాయిలూ చెక్కుచెదరలేదు. ఒకటి రాసి రాత్రంతా వదిలేశాం, ఆర్డ్వినో నమోదు చేసిన గీత తెల్లారేదాకా తిన్నగా ఉంది. మర్నాడు రాత్రి సున్నాతో అదే చేశాం. అదే నిలుపుడు కాంతి, అదే ఉష్ణోగ్రత, అదే విద్యుత్తు. తేడా అల్లా సాయంత్రం కొట్టిన 50 నానోసెకన్ల పల్స్ ఏ రంగుదన్నదే.

కరెంటు పోతే మాత్రం బిట్టు పోతుంది. ఇంటి ఇన్వర్టర్ అందుకునే లోపు పడే చిన్న విరామం చాలు. మొదటి వానలతో పాటు ఈ విషయం కూడా తెలిసొచ్చింది. ఇప్పుడు వలయాలన్నీ బ్యాటరీ మీద నడుస్తున్నాయి.

జూలై

"ఒక్క బిట్టుకు ఇంత సామానా మామయ్యా?" అని మా వాడు అడిగినప్పుడల్లా నవ్వుకుంటాను కానీ, ప్రశ్న న్యాయమైనదే. ఈ లేజర్ ఒక బిట్టును పట్టి ఉంచడానికి ఇరవై మిల్లీ వాట్ల దాకా నిరంతరం తింటుంది, పెల్టియర్ తినే నాలుగైదు వాట్లు కాక. ఫోనులోని మెమరీ చిప్‌తో దీన్ని పోల్చడం అర్థం లేని పని. కాంతితో నడిచే కంప్యూటర్ వస్తోందంటూ ఎప్పుడూ వినపడే మాటల్లో ఈ లెక్క సాధారణంగా కనపడదు. నా దృష్టిలో ఇలాంటి మెమరీకి తగిన చోటు వేరు. ఫైబర్‌లో వచ్చే ప్యాకెట్ చిరునామాను చదివి, ఆ ప్యాకెట్ దాటిపోయేదాకా దారిని పట్టి ఉంచే పని అది. అక్కడ కావలసింది కొద్ది బిట్లే, వేగం మాత్రం చాలా కావాలి, కాంతిని విద్యుత్తుగా మార్చి మళ్లీ కాంతిగా మార్చే ఖర్చూ తప్పుతుంది. జపాన్‌లో హితోషి కవాగుచి బృందం చిప్ ఉపరితలం నుంచి నిలువుగా వెలిగే లేజర్ల ధ్రువణాన్నే బిట్టుగా వాడి ఈ వైపు చాలా దూరం వెళ్లింది. ఆ లేజర్లు చాలా చిన్నవి, వరుసగా పరిచి చెక్కవచ్చు. మా ఎఫ్‌పీకి ఆ అవకాశం లేదు.

మా తరువాతి మెట్టు నిలుపుడు కాంతినే తీసేయడం. రెండు ఎఫ్‌పీలు పెట్టి, ఒకదాని కాంతి రెండోదాన్ని అణచేలా, రెండోదాని కాంతి మొదటిదాన్ని అణచేలా కలిపితే, ఎవరు వెలుగుతున్నారన్నదే బిట్టు అవుతుంది. దీనికి మోడ్‌ల ఎడం ఒకేలా ఉన్న జంట కావాలి. అటకల మీది డబ్బాలన్నీ దింపి, ఒక్కోదాన్ని ఉష్ణోగ్రత పద్ధతిలో సీ34 ఫిల్టర్ ముందు కొలుస్తున్నాం. రెండింటి మధ్య ఫైబర్ మీటరుకు 5 నానోసెకన్ల ఆలస్యం చేస్తుంది కాబట్టి ప్యాచ్ కార్డులు వద్దనుకున్నాం, సర్క్యులేటర్ కొసలను అర మీటరుకు కత్తిరించి నేరుగా అతికించాలి. రెండో సర్క్యులేటర్ నిన్ననే చేతికొచ్చింది. స్ప్లైసింగ్ మెషిన్ ఆదివారానికి గానీ ఖాళీ అవదు.